మన పొరుగు విశ్వవిద్యాలయం - ఫిఖ్ పాఠాలు - చింతగింజలు

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శిగారు కోరారు. ఉప్పల్ నల్లచెరువు గురించీ, నాచారం పారిశ్రామికవాడ గురించీ మిత్రులు లోగడ సమావేశాల్లో చెప్పనే చెప్పారు. అందుచేత నేను వేరే విషయం ఎంచుకున్నాను. ముస్లిముల ధర్మశాస్త్రాన్ని అరబ్బీలో ఫిఖ్ అంటారు. దానిని విశ్వవిద్యాలయ విద్యార్థులకు మనసుకు పట్టేలా ఎలా బోధించారు, ఇకముందు ఎలా బోధించవచ్చు అన్నదే ఆ విషయం. "పెన్షనర్లకూ దీనికీ ఏమిటి సంబంధం?" అని కొందరు అడగవచ్చు. సంబంధం ఉంది. అది మన నామినేషన్ ఫారాల దాకా వస్తుంది. వ్యాసం చివర మనవి చేస్తాను.

నేను ముస్లింని కాను, పండితుణ్ణి అంతకన్నా కాను. 1970లలో పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంకాలం తరగతుల్లో న్యాయశాస్త్రం చదివిన గుమాస్తాను. ఆ చదువులో నాకు చివరిదాకా మిగిలిన పాఠం ఇదొక్కటే.

పొరుగున ఉన్న విద్యాలయం

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటి తార్నాక వస్తుంది. నాచారం వాళ్లకు హబ్సిగూడ చౌరస్తా మీదుగా ఇంకా దగ్గర. అక్కడ దిగి నడిస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం. మనలో చాలామంది పిల్లలు అక్కడే చదివారు. పదవీ విరమణ తరువాత మనం తెల్లవారుజామున నడకకు వెళ్లేదీ అక్కడికే. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునే మనం, ఆ ఆవరణలో ఒకప్పుడు ఎలాంటి చదువులు సాగాయో అంతగా తలుచుకోము.

విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. మొదట ఉన్నవి రెండే విభాగాలు. ఒకటి ఆర్ట్స్, రెండవది థియాలజీ, అంటే దీనియాత్. 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. అంతవరకూ తరగతులు నగరం నడిబొడ్డున ఇతర భవనాల్లో నడిచాయి. ఇంగ్లీషు రాజ్యమేలుతున్న కాలంలో ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పడం ఆనాడు పెద్ద సాహసం. దాని కోసం 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పి, మౌల్వీ అబ్దుల్ హఖ్ ఆధ్వర్యంలో విజ్ఞానశాస్త్రం, చరిత్ర, న్యాయశాస్త్రం వంటి విషయాలపై వందల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు.

ఇక్కడొక మాట నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. ఉర్దూ అందరి ఇంటి భాష కాదు. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం. ఆ లోటు లోటే. అయినా పుట్టుకతో వచ్చిన భాష గానీ, వీధిలో అలవాటైన భాష గానీ తరగతి గదిలోకి వస్తే శాస్త్రం ఎంత దగ్గరవుతుందో ఆ ప్రయోగం చూపింది. మన వాళ్లకు ఇది కొత్త కాదు. చాళుక్యుల కల్యాణిలో విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో మితాక్షర రాస్తే, 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఆ కల్యాణి, ఇప్పటి బసవకల్యాణ్, 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది.

ఫిఖ్ అంటే ఏమిటి?

షరియత్, ఫిఖ్ ఒకటే అని చాలామంది అనుకుంటారు. పండితులు తేడా చెబుతారు. షరియత్ అంటే దేవుడు చూపిన మార్గం అని వారి విశ్వాసం. ఆ మార్గాన్ని మనిషి తన బుద్ధితో అర్థం చేసుకునే ప్రయత్నమే ఫిఖ్. ఆ మాటకు అసలు అర్థమే 'అవగాహన'. మనిషి అవగాహన కాబట్టి అందులో అభిప్రాయభేదాలు ఉంటాయి. ఆ భేదాల వల్లనే హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అనే నాలుగు సున్నీ సంప్రదాయాలూ, షియాల సంప్రదాయమూ ఏర్పడ్డాయి.

ఈ భేదాలు చూడడానికి మన విద్యార్థులు అరబ్ దేశాలకు వెళ్లనక్కరలేదు. మన నగరంలో ఎక్కువమంది ముస్లిములు హనఫీలు. బార్కాస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బు కుటుంబాలవారు షాఫయీలు. దారుల్‌షిఫా వైపు షియాలు. ఒకే ప్రశ్న ఈ ముగ్గురినీ అడిగితే ఎక్కడ కలుస్తారో, ఎక్కడ విడిపోతారో తెలుస్తుంది.

'ఒకవేళ' అనే ప్రశ్న

ఈ శాస్త్రాన్ని బట్టీ పట్టించడం మధ్యలో వచ్చిన జబ్బే గానీ మొదట ఉన్న పద్ధతి కాదు. హనఫీ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా (699-767) ఇరాక్‌లోని కూఫాలో పట్టుబట్టల వ్యాపారి. బజారు తెలిసిన మనిషి. ఆయన చుట్టూ శిష్యులు కూర్చునేవారు. ఒక సమస్య ముందు పెడితే ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెప్పేవారు, వాదించుకునేవారు. చర్చ తేలాకే అది కాగితం ఎక్కేది. విశేషమేమిటంటే ఆయన ముఖ్య శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ గురువుగారితో ఎన్నో చోట్ల విభేదించారు. ఆ విభేదాలన్నిటినీ గ్రంథాల్లో అలాగే రాసి ఉంచారు. శిష్యుడి అసమ్మతిని గురువు అభిప్రాయం పక్కనే భద్రపరిచిన చదువు అది.

షైబానీ రాసిన 'కితాబుల్ అస్ల్' అనే గ్రంథంలో చాలాభాగం ప్రశ్న, జవాబు రూపంలోనే నడుస్తుంది. "ఒకడు ఫలానా వస్తువు కొన్నాడు, ఇంటికి తెచ్చాక లోపం బయటపడింది, అప్పుడేమంటారు?" అన్న ధోరణిలో శిష్యుడు అడుగుతూ పోతాడు. జవాబు రాగానే వదలడు. "లోపం తెలిశాక కూడా వాడుకుంటే?" "మధ్యలో అది పోతే?" అని పరిస్థితిని కొంచెం కొంచెం మారుస్తాడు. అరబ్బీలో 'అరఐత', అంటే 'మీరేమంటారు', అనే మాట అడుగడుగునా వస్తుంది. జరగని సంగతులు ఊహించి అడిగే ఈ 'అరఐత' వాళ్లను ఆనాడే కొందరు ఎగతాళి చేశారు. కానీ నేటి లా కాలేజీల్లో గొప్పగా చెప్పుకునే ప్రశ్నోత్తర పద్ధతి ఇదే కదా!

ఇంకొక సంగతి విద్యార్థులకు చెబితే నిటారుగా కూర్చుంటారు. 11వ శతాబ్దంలో సరఖ్సీ అనే గొప్ప హనఫీ పండితుడు పాలకుడి ఆగ్రహానికి గురై, ఇప్పటి కిర్గిజ్‌స్తాన్‌లోని ఉజ్గంద్‌లో ఏళ్ల తరబడి ఖైదులో ఉన్నాడు. ఆయనను బావిలాంటి నేలకొట్టులో ఉంచారనీ, శిష్యులు పైన గట్టున కూర్చుంటే ఆయన లోపలి నుంచి జ్ఞాపకంతోనే పాఠం చెప్పాడనీ, అలా తయారైనదే 'మబ్సూత్' అనీ చెబుతారు. అచ్చులో అది 30 భాగాల గ్రంథం. చెప్పేవాడికి పుస్తకం లేదు, వినేవాళ్లకు గురువు ముఖం కనిపించదు. అయినా పాఠం ఆగలేదు.

హైదరాబాదు చేసిన సేవ

ఈ కూఫా, ఉజ్గంద్ కథలకూ మన తార్నాకకూ లంకె ఉంది. 1888లో హైదరాబాదులో 'దాయిరతుల్ మఆరిఫ్' అనే ప్రచురణ సంస్థ పుట్టింది. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మౌలానా అన్వారుల్లా ఫారూఖీ వంటి పెద్దలు దీనికి పూనుకున్నారు. అరుదైన అరబ్బీ చేతిరాత ప్రతులను వెదికి, సరిచూసి, అచ్చువేయడం దీని పని. ఇది ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. మన నడకదారికి ఎంతో దూరం లేదు.

దేశాల మధ్య యుద్ధం, సంధి, రాయబారుల రక్షణ, శరణార్థుల హక్కుల వంటి విషయాలపై షైబానీ రాసిన గ్రంథానికి సరఖ్సీ వ్యాఖ్య రాశాడు. ఖైదులో మొదలుపెట్టి విడుదలయ్యాక పూర్తిచేశాడంటారు. ఆ వ్యాఖ్యను 1916-17లో నాలుగు సంపుటాలుగా అచ్చువేసింది మన దాయిరతుల్ మఆరిఫే. ఐరోపాలో అంతర్జాతీయ న్యాయానికి ఆద్యుడిగా పేరుపడిన గ్రోషియస్ పుస్తకం 1625లో వచ్చింది. షైబానీ చనిపోయింది 805లో. ఈ రెండు తేదీలను నల్లబల్ల మీద రాస్తే చాలు, తరగతిలో ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

అలాగే పాతబస్తీ షిబ్లీగంజ్‌లోని జామియా నిజామియా. దానిని 1870లలో స్థాపించింది పైన చెప్పిన అన్వారుల్లా ఫారూఖీగారే. అక్కడ చదివి, అక్కడే పాఠాలు చెప్పిన కాందహార్ వాస్తవ్యుడు మౌలానా అబుల్ వఫా అఫ్ఘానీ తొలినాటి హనఫీ గ్రంథాల కోసమే హైదరాబాదులో ఒక పరిశోధక మండలి పెట్టారు. దేశదేశాల గ్రంథాలయాల నుంచి ప్రతులు తెప్పించుకుని పోల్చి చూశారు. ఇందాక చెప్పిన 'కితాబుల్ అస్ల్'ను ఆయన పరిష్కరించగా 1960లలో దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేయడం మొదలుపెట్టింది. 1975లో ఆయన కాలం చేశారు. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ హనఫీ న్యాయం మీద లోతైన పరిశోధన జరిగినా, హైదరాబాదు ముద్రణల పేరు రాక మానదు. మన ఊరి పేరు ముత్యాల వల్లా, బిర్యానీ వల్లా మాత్రమే పైకి రాలేదని మన మనవలకు చెప్పాలి.

ఇద్దరు గురువులు

ఉస్మానియాలో దీనియాత్ శాఖను చాలాకాలం నడిపినవారు మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ. బీహారు మనిషి. దేవబంద్‌లో చదివి హైదరాబాదు వచ్చి సుమారు మూడు దశాబ్దాలు ఇక్కడ పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో ముస్లిం విద్యార్థులందరికీ దీనియాత్, ఇతరులకు నీతిశాస్త్రం తప్పనిసరి. అంటే ఆయన ముందు కూర్చున్నవాళ్లందరూ మతపండితులు కాబోయేవాళ్లు కాదు. సైన్సు, చరిత్ర చదివే కుర్రవాళ్లూ ఉన్నారు. వాళ్లకు విసుగు పుట్టకుండా చెప్పాలి. ఆయన ఫిఖ్‌ను చరిత్రలో భాగంగా చెప్పారు. అబూ హనీఫా రాజకీయ జీవితం మీద ఒక పుస్తకం, ఫిఖ్ గ్రంథస్థమైన తీరు మీద ఒక పుస్తకం, హిందూస్థానంలో ముస్లిముల విద్యావిధానం మీద రెండు సంపుటాల పెద్ద గ్రంథం రాశారు. మతవిద్య ఒక గదిలో, ఆధునిక విద్య మరొక గదిలో ఉండకూడదన్నది ఆయన వాదం. 1956లో మరణించారు.

రెండవవారు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. 1908లో మన హైదరాబాదులోనే పుట్టారు. జామియా నిజామియాలోనూ చదివారు, ఉస్మానియాలో న్యాయశాస్త్రమూ చదివారు. రెండు చోట్లా చదవడం వల్ల ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లోని అంతర్జాతీయ న్యాయానికీ, ఫిఖ్ గ్రంథాల్లోని యుద్ధ, సంధి అధ్యాయాలకూ పోలికలు ఆయనకు కనిపించాయి. అదే ఆయన జీవితకాలపు పరిశోధన అయింది. 1930లలో జర్మనీలోని బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్‌లో మరొక డాక్టరేటు తీసుకుని తిరిగివచ్చి ఉస్మానియాలో బోధించారు. 1948లో హైదరాబాదు ప్రతినిధి వర్గంతో విదేశాలకు వెళ్లి, ఆ తరువాత పారిస్‌లోనే ఉండిపోయారు. 2002లో అమెరికాలోని ఫ్లోరిడాలో కన్నుమూశారు. 1948 మీద ఎవరి అభిప్రాయం వారిది. ఇక్కడ మనం చూస్తున్నది ఆయన బోధనను మాత్రమే.

1980 మార్చిలో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆయన ఉర్దూలో 12 ఉపన్యాసాలు ఇచ్చారు. అందులో ఫిఖ్ చరిత్ర ఒకరోజు, దాని మూలసూత్రాలు ఒకరోజు, అంతర్జాతీయ న్యాయం ఒకరోజు. వాటిని తరువాత పుస్తకంగా వేశారు. ప్రతి ఉపన్యాసం చివర శ్రోతల ప్రశ్నలు, ఆయన జవాబులు ఉన్నాయి. నాకు ఉపన్యాసాల కన్నా ఆ ప్రశ్నల భాగమే ఎక్కువ నచ్చింది. ప్రశ్న చిన్నదైనా తేలికగా తీసుకోరు. భాష సులభం. ప్రతి సూత్రానికీ ఒక సంఘటన ఉంటుంది. ఆ ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు ఆయన వయస్సు 72. పదవీ విరమణతో చదువు చెప్పడం ఆగిపోదని మనలాంటివారికి ఇంతకన్నా ఏం నిదర్శనం కావాలి!

మాటల్లో దాగిన శాస్త్రం

ఇక మా తరగతి గది సంగతి. 1975 ప్రాంతం. సాయంత్రం ఆరు గంటలకు ఆఫీసుల నుంచి అలసిపోయి వచ్చిన నలభైమంది. సగంమందికి నిద్ర కళ్ల మీదే ఉండేది. మహమ్మదీయ న్యాయం చెప్పే అధ్యాపకులు ఉర్దూ మీడియంలో చదువుకున్న పాతకాలపు మనిషి. తెలుగు చక్కగా మాట్లాడేవారు. మొదటి రోజు పుస్తకం తెరవలేదు. "మీకు తెలిసిన ఫిఖ్ మాటలు చెప్పండి" అన్నారు. ఎవరూ నోరు మెదపలేదు. అప్పుడాయన నల్లబల్ల మీద తెలుగులో వరుసగా రాశారు: హక్కు, వారసుడు, వకీలు, వకాలత్, దావా, జామీను, తకరారు, రాజీ, రద్దు.

ఇవన్నీ అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చిన మాటలే. 'రాజీ' అంటే అసలు అర్థం సమ్మతించినవాడు. 'ముద్దాయి' కథ మరీ తమాషా. అరబ్బీలో, ఉర్దూలో దావా వేసినవాడు ముద్దాయి. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడినవాడు ముద్దాయి అయ్యాడు. వాదిని బోనెక్కించిన ఘనత మన భాషది! 'రద్దు' అంటే మనకు కొట్టివేత. ఫిఖ్‌లో 'రద్' అంటే తిప్పి ఇవ్వడం, అంటే వాటాలు పంచగా మిగిలినదాన్ని మళ్లీ వారసులకే చేర్చడం. తల్లి, ఒక్క కూతురు మాత్రమే ఉంటే తల్లికి ఆరో వంతు, కూతురికి సగం పోగా మూడో వంతు మిగులుతుంది. ఆ మిగులునూ అదే నిష్పత్తిలో వాళ్లకే ఇస్తే తల్లికి నాలుగో వంతు, కూతురికి ముప్పాతిక. ఆ సాయంత్రం ఎవరికీ నిద్ర రాలేదు. తెలియని శాస్త్రం అనుకున్నది రోజూ మన నోట్లో నానుతున్నదే అని తెలిసింది.

ఇరవైనాలుగు గింజలు

తరువాతి వారం ఆయన జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీసి బల్ల మీద పోశారు. లెక్కపెడితే 24. "ఒకాయన చనిపోయాడు. భార్య, ఇద్దరు కూతుళ్లు, తండ్రి, తల్లి ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, కూతుళ్లకు కలిపి మూడింట రెండు వంతులు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు. పంచండి" అన్నారు.

మా బెంచీలో లెక్కల్లో ఘటికుడు ఒకాయన లేచి పంచాడు. భార్యకు 3, కూతుళ్లకు 16, తండ్రికి 4. తల్లి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే గింజ మిగిలింది. ఇవ్వవలసినవి 4. తప్పు ఎక్కడ జరిగిందని మళ్లీ పంచాడు. మళ్లీ అంతే. తరగతంతా లేచి బల్ల చుట్టూ మూగింది. తండ్రికి తగ్గించాలని ఒకరు, కూతుళ్లకు తగ్గించాలని ఒకరు, పెద్ద గొడవ.

అధ్యాపకులు నవ్వి మరో మూడు గింజలు జేబులోంచి తీశారు. అన్నీ కలిపి 27. "ఇప్పుడు ఆస్తిని 24 భాగాలు కాదు, 27 భాగాలు చెయ్యండి. ఎవరి గింజలు వాళ్లకు ఇవ్వండి" అన్నారు. సరిపోయింది. అందరి వాటా ఒకే నిష్పత్తిలో కొద్దిగా తగ్గింది. దీనినే 'ఔల్' అంటారు. ఇదే సమస్యను ఖలీఫా అలీ వేదిక మీద ప్రసంగిస్తుండగా ఎవరో అడిగితే, ఆయన తడుముకోకుండా ఆమె ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అయిందని చెప్పి ప్రసంగం కొనసాగించారని ప్రతీతి. 27లో 3 అంటే తొమ్మిదో వంతే కదా. అందుకే దీనిని 'వేదిక సమస్య' అంటారు.

అంతటితో ఆయన ఆగలేదు. "దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు" అన్నారు. ప్రవక్త సహచరుడైన ఇబ్నె అబ్బాస్ ఈ పద్ధతిని అంగీకరించలేదు. షియా న్యాయంలోనూ ఔల్ లేదు. అక్కడ భార్యకు 3, తల్లిదండ్రులకు నాలుగేసి యథాతథంగా ఇచ్చి, మిగిలిన 13 కూతుళ్లకు ఇస్తారు. ఏది న్యాయం? లోటును అందరూ పంచుకోవాలా, కొందరే భరించాలా? ఆ ప్రశ్న మాకు వదిలేసి ఆయన హాజరు పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. మేము బస్టాపు దాకా వాదించుకుంటూనే ఉన్నాం.

ఈ వాటాల లెక్కలు గణితానికి కూడా ఊతమిచ్చాయి. 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వపు పంపకాల మీదనే. 'ఆల్జీబ్రా' అనే మాటే ఆ గ్రంథం పేరులోనిది.

నేటి తరగతి గది

ఈనాడు మన రాష్ట్రంలోని లా కాలేజీల్లో కుటుంబ న్యాయం కింద ముస్లిం న్యాయాన్ని కొన్ని వారాల్లో ముగిస్తారు. పిల్లలు గైడు కొని నిర్వచనాలు బట్టీ పడతారు. పరీక్ష అయ్యాక మరచిపోతారు. బోధించేవారికి ఈ పెద్దవాడి మనవి మూడు మాటలు.

ఒకటి, జవాబు కన్నా ముందు సమస్యను ఇవ్వండి. కూఫాలో చేసింది అదే. రెండు, భేదాభిప్రాయాన్ని దాచకండి. విద్యార్థులను రెండు పక్షాలుగా కూర్చోబెట్టి ఒకరిని హనఫీ పక్షాన, మరొకరిని షియా పక్షాన మాట్లాడమనండి. మరుసటి వారం పక్షాలు మార్చండి. మూడు, పాత గ్రంథాన్నీ కొత్త తీర్పునూ పక్కపక్కన పెట్టండి. 1985లో షాబానో తీర్పు, 1986 చట్టం, ఆ చట్టానికి 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన అర్థం, 2017లో షాయరా బానో తీర్పు, 2019 చట్టం వరుసగా చదివితే, న్యాయం నిలవ నీరు కాదనీ పారే నీరనీ పిల్లలకే తెలుస్తుంది. ఈ పాఠం ముస్లిం విద్యార్థులకే కాదు. రేపు వకీళ్లు, జడ్జీలు, అధికారులు కాబోయే అందరికీ కావాలి. పొరుగువాడి ఇంట్లో పంపకం ఏ సూత్రం మీద జరుగుతుందో తెలియకపోతే వాడికి మనం ఎలా న్యాయం చేస్తాం?

మన గడప దాకా వచ్చిన పాఠం

ఇప్పుడు మొదట ఇచ్చిన మాట. 2012లో నాచారంలో ఉండే మా సహోద్యోగి ఒకరు విరమణ తరువాత కొద్దికాలానికే గుండెపోటుతో పోయారు. పేరు అనవసరం. హనఫీ కుటుంబం. భార్య, ఒక కొడుకు, పెళ్లయిన ఇద్దరు కూతుళ్లు. బ్యాంకు డిపాజిట్లకు నామినీ కొడుకు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. నామినీ తానే గనుక డబ్బంతా తనదే అనుకున్నాడు. చెల్లెళ్లు నొచ్చుకున్నారు. ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. "చాచా, మీరు లా చదివారు కదా, వచ్చి చెప్పండి" అని పెద్దమ్మాయి నాకు కబురు పంపింది.

వెళ్లి ముందు నామినీ సంగతి చెప్పాను. బ్యాంకులో నామినీ అంటే డబ్బు తీసుకుని అసలు వారసులకు అందజేయవలసిన మనిషే గాని యజమాని కాడని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ షేర్ల విషయంలోనూ ఇదే సూత్రాన్ని 2023 డిసెంబరులో ఖాయం చేసింది. బీమాకు మాత్రం 2015లో చట్టం మారింది గనుక విడిగా విచారించుకోవాలి. ఫ్యామిలీ పెన్షన్ దారి వేరు. అది మృతుడి ఆస్తి కాదు, నిబంధనల్లో ఉన్నవారికే చెందుతుందని 1991లోనే తీర్పు ఉంది. కాబట్టి పెన్షన్ భార్యదే, అందులో పంపకం లేదు.

తరువాత వాళ్ల వంటింట్లోంచి చింతగింజలు తెప్పించాను. అంత్యక్రియల ఖర్చు, అప్పులు ముందు తీర్చాలి. భార్యకు మహర్ బాకీ ఉంటే అదీ అప్పే. వీలునామా ఉంటే మూడో వంతుకు మించి చెల్లదు. వారసుల్లో ఒకరికే రాస్తే మిగతావారు ఒప్పుకోవాలి. ఆ తరువాతే పంపకం. "ఎవరెవరున్నారు?" అని అడిగాను. భార్య, కొడుకు, కూతుళ్లు అన్నారు. మా అధ్యాపకుల మాట గుర్తుకొచ్చి మళ్లీ అడిగాను: "ఆయన అమ్మగారు?" అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎనభై దాటిన ఆమె మెదక్ వైపు పల్లెలో చిన్నకొడుకు దగ్గర ఉంది. ఆమె సంగతి ఎవరికీ తట్టలేదు.

96 గింజలు లెక్కపెట్టాం. భార్యకు ఎనిమిదో వంతు 12. తల్లికి ఆరో వంతు 16. మిగిలిన 68లో కొడుకుకు 34, కూతుళ్లకు చెరి 17. మహల్లా మౌల్వీగారు కాగితం మీద వేసిన లెక్కా అదే వచ్చింది. కొడుక్కి రెండు, కూతురికి ఒకటి అనే సూత్రం మీద నేటి పిల్లలకు ప్రశ్నలు ఉంటాయి. ఉండాలి కూడా. తరగతి గది అందుకే ఉంది. కానీ ఆ రోజు ఆ ఇంట్లో ఏమీ రాదనుకున్న ఇద్దరు ఆడపిల్లలకూ, ఎవరికీ గుర్తులేని ఒక ముసలితల్లికీ వాటా తేలింది. ఆ అబ్బాయి మారు మాట్లాడలేదు. నెల తిరక్కుండా అందరికీ పంచాడు. నాయనమ్మ వాటా తనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆమె డబ్బు లెక్కపెట్టలేదట. "నా కొడుకు పోతూ కూడా నన్ను మరచిపోలేదన్నమాట" అందట.

మిత్రులారా, ఏ మతం వారికైనా సరే, నామినేషన్ ఫారం నింపి బీరువాలో పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదు. మన తరువాత ఎవరెవరికి ఏమి చెందుతుందో మనం బతికి ఉండగానే తెలుసుకుని ఇంట్లో వాళ్లకు చెప్పాలి. తెలియకపోతే తెలిసినవారిని అడగాలి. రేపు ఉదయం క్యాంపస్‌లో నడకకు వెళ్లినప్పుడు దాయిరతుల్ మఆరిఫ్ వైపు ఒకసారి చూడండి. వెయ్యేళ్ల కిందటి శిష్యుల ప్రశ్నలు అక్కడ అచ్చయి ఉన్నాయి. మన ఇళ్లలోని ప్రశ్నలూ వాటికి భిన్నమైనవి కావు.